వజ్రాన్ని కోసే వెలుగు చర్మం దాకా వచ్చిన వైనం

సూరత్‌లో అమ్రోలి నుంచి తాపీ వంతెన దాటితే కతార్గాం. అక్కడి వజ్రాల కార్ఖానాల్లో కోతకు ముందు రాయి మీద నల్ల సిరాతో సన్నటి గీత గీస్తారు. వజ్రంలోంచి కాంతి నేరుగా సాగిపోతుంది. నల్ల గీత మాత్రం దాన్ని పట్టేసుకుంటుంది, అక్కడే వేడి పుట్టి రాయి తెగడం మొదలవుతుంది. ఈ కోతకు పేరుపడ్డది ఎన్‌డీ-యాగ్ లేజర్. దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. ఇదే కాంతిని తొలిదశ చర్మ క్యాన్సర్ మీద ప్రయోగిస్తున్న డాక్టర్లూ ఉన్నారు.

లేజర్‌కు సిద్ధాంతం 1917లోనే ఐన్‌స్టీన్ చెప్పారు. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీ నుంచి తొలి కిరణాన్ని రప్పించారు. మరుసటి ఏడాదే సిన్సినాటిలో చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ లేజర్ ప్రయోగశాల తెరిచారు. చర్మంలో రంగు ఎక్కువున్నచోట ఆ కాంతి ఎక్కువగా ఇంకుతుందని గమనించారు. వజ్రం మీద సిరా చేసే పని చర్మంలో రంగునిచ్చే మెలనిన్ చేస్తుందన్నమాట.

అసలు మలుపు 1964. బారామతిలో పుట్టి, పుణేలో ఇంజనీరింగ్ చదివిన కుమార్ పటేల్ అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టారు. ఎన్‌డీ-యాగ్ పుట్టిందీ ఆ ఏడాదే, ఆ సంస్థలోనే. పటేల్ లేజర్ కాంతిని నీరు ఇట్టే పీల్చుకుంటుంది. చర్మంలో ఎక్కువ భాగం నీరే కనుక కిరణం తగిలిన పొర ఆవిరైపోతుంది, లోతుకు దిగదు. మత్తు సూది ఇచ్చాక డాక్టరు ఒక పొర కాల్చి, మాడిన పొడిని తడి గాజుగుడ్డతో తుడిచి, అడుగు చూసుకుని మళ్లీ కాలుస్తారు. నెత్తురు పెద్దగా కారదు. పైపైనే ఉండే బేసల్ సెల్ కార్సినోమా, బోవెన్స్ వ్యాధి అనే చర్మ క్యాన్సర్లకు ఇది పనికొస్తుంది. ఎన్‌డీ-యాగ్ మాత్రం ఇంకా లోపలికి వెళ్లి, కణితికి రక్తం అందించే నాళాలను దెబ్బతీస్తుంది.

అయినా పెద్దపీట ఇప్పటికీ సర్జరీదే. కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయేమో మైక్రోస్కోపు కింద చూడొచ్చు. ఆవిరైపోయినదాన్ని ఎలా చూస్తాం? అందుకే ముందు చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ కావాలి. అనుమానం ఉన్న మచ్చను బ్యూటీ క్లినిక్‌లో లేజర్‌తో చెరిపించుకోవడం ఎంత ప్రమాదమో మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. అది మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ అయితే, పైన రంగు పోయినా లోపల జబ్బు పెరుగుతూనే ఉంటుంది.

సూరత్ వజ్రాలదే కాదు, చీరల ఊరు కూడా, వేలాది తెలుగు నేతకుటుంబాలకు బతుకుతెరువు. చీర, పంచె కట్టుతో ముడిపడిన చర్మ క్యాన్సర్ కూడా ఒకటుంది. పంచె బిగించే నడుం దగ్గర వచ్చే చర్మ క్యాన్సర్ గురించి ముంబై వైద్యుడు ఖానోల్కర్ 1945లోనే రాశారు. లంగా బొందు ఏళ్ల తరబడి ఒరుసుకునేచోటా ఇది వస్తుంది. అక్కడ చర్మం నల్లబడి, మందమెక్కి, పుండు పడి మానకపోతే వెంటనే చూపించుకోవాలి. ఈ రకం లోతుకు పాకుతుంది, లేజర్‌కు అందే దశ తొందరగా దాటిపోతుంది.