స్టీరింగ్ సరే, బ్రేకు సంగతేంటి?

ఆ మధ్య విజయవాడలో పెళ్లి చూసుకుని తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద కౌకూర్ వస్తున్నాం. శామీర్‌పేట ఎగ్జిట్ దగ్గరపడుతుండగా నా కళ్లు మూతలు పడ్డాయి. మా ఆవిడ భుజం మీద గట్టిగా ఒక్కటేసింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నా. ఇరవయ్యేళ్లుగా కారుకి చిన్న గీత కూడా పడనివ్వలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. యంత్రానికి నిద్ర రాదు కదా, మరి అది నాకన్నా మంచి డ్రైవరేనా?

ఈ పోటీ కొత్తదేం కాదు. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టరయ్యారు. తమంతట తామే నడిచే నావ్‌ల్యాబ్ బండ్లు 1980లలో ఆ యూనివర్సిటీలోనే పుట్టాయి. 1995లో అక్కడి పామర్‌లో, జోకెమ్ అనే ఇద్దరు అలాంటి బండిలో పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగోకి 2,849 మైళ్లు వెళ్లారు. అందులో 2,797 మైళ్లు స్టీరింగ్ తిప్పింది కంప్యూటరే. నూటికి 98! కానీ యాక్సిలరేటరూ బ్రేకూ మనిషి చేతిలోనే ఉన్నాయి. గీతల మధ్య బండిని ఉంచడం వేరు, ఎప్పుడు ఆగాలో తెలియడం వేరు.

ఆ తేడా 2018లో ఓ ప్రాణం తీసింది. అరిజోనాలోని టెంపేలో ఉబర్ పరీక్షిస్తున్న కారు, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకావిడని గుద్దింది. సెన్సర్లకి ఆవిడ 5 సెకన్ల ముందే కనబడింది. కానీ క్రాసింగ్ లేనిచోట కూడా మనుషులు దాటుతారన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదని దర్యాప్తులో తేలింది. కారుని కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి కళ్లేమో ఫోను మీదున్నాయి. అంటే ఇద్దరూ ఫెయిలే.

మా కౌకూర్ రోడ్ల మీద ఎవరికి తోచినచోట వాళ్లు దాటేస్తారు. రాంగ్ రూట్లో ఎదురొచ్చే స్కూటర్‌వాడి మెడ ఎటు తిరిగిందో చూసి, వాడెటు పోతాడో చెప్పేస్తాం. ఈ విద్య ఏ పుస్తకంలోనూ ఉండదు.

అలాగని మీసం మెలెయ్యక్కర్లేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఆ బండ్లు నడిపింది మనుషులే. అటు వేమో వాళ్లు 5.67 కోట్ల మైళ్ల లెక్క తీసి, పాదచారులు గాయపడే ప్రమాదాలు మనుషుల డ్రైవింగ్‌తో పోలిస్తే 92 శాతం తక్కువని 2025లో చూపించారు. లెక్క కట్టింది వాళ్లే, బండ్లు తిప్పిన ఊళ్లు ఎంచుకున్నదీ వాళ్లే. అయినా తీసిపారేయలేం.

కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని బండ్లకోసం 2022లో ఓ పరీక్షా మైదానం తెరిచారు. అక్కడి బండ్లు మా కౌకూర్ రోడ్ల తీరు కూడా నేర్చుకోవాలని నా కోరిక. అప్పటిదాకా సందుల్లో నన్ను నమ్మొచ్చు. తెల్లవారుజామున ఔటర్ మీద మాత్రం నమ్మొద్దు.. మా ఆవిడ ఎప్పుడో మానేసింది :)