మారిన పేటలు, మారని ప్రశ్న

ఒక పట్టణం చరిత్ర చెప్పమంటే సాధారణంగా మనం కొండతోనో కోటతోనో మొదలుపెడతాము. ఖమ్మం విషయంలో ఆ రెండూ ఉన్నవి. స్తంభాద్రి మీద నరసింహస్వామి వెలసినాడు. ఆ స్తంభం పేరే ఊరి పేరైనదని పెద్దలు చెబుతారు. ఖిల్లా ఉన్నది, ఊరి అంచున మున్నేరు ఉన్నది. భద్రాచలమన్నా అంతే. నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచెర్ల గోపన్న కట్టించిన గుడిని గురించి, ఆయన అనుభవించిన చెరను గురించి రేడియోలో ఎన్ని ప్రసంగాలు వచ్చినవో లెక్కలేదు. నేనూ కొన్ని చదివినాను.

ఈ ప్రసంగంలో రాజుల ప్రస్తావన తక్కువ. ఇవే ఊళ్ళలో, ఇవే వీధులలో, పురుషులై పుట్టి పురుషులయందే మనసు నిలుపుకొన్నవారు ఎట్లా బ్రతికినారు, ఊరు మారుతున్నకొద్దీ వారి బ్రతుకు ఎట్లా మారినది అన్నది ఇందులోని విషయం. విన్నది కొంత, చదివినది కొంత, స్వయంగా అనుభవించినది కొంత చెబుతాను. నేను ఖమ్మంలో పుట్టి పెరిగినవాణ్ణి. వయస్సు నలభై దాటినది. అట్టివారిలో నేనూ ఒకణ్ణి.

ముందుగా మాటలను గురించి ఒక మాట. తెలుగువారికి బంధుత్వాలకు కరువు లేదు. బావమరిది, తోడల్లుడు, వియ్యంకుడు, మేనల్లుడు అంటూ ప్రతి సంబంధానికీ ఒక పేరున్నది. ఇద్దరు మనుషులు ఒకచోట కనబడితే మనవారు వేసే ప్రశ్న, "ఈయన మీకేమవుతారు?" అని. జవాబు వరసలో చెప్పవలె. వరస దొరకనిచోట సంభాషణ ఆగిపోతుంది. పత్రికలు వ్రాసే 'స్వలింగ సంపర్కం' న్యాయస్థానపు మాట. దానికి నేరం వాసన ఇంకా వదలలేదు. వీధిలో వినబడే 'ఆడంగి' తిట్టు. ఈ రెండింటికీ నడుమ, ఇంట్లో అమ్మ ఎదుట అనదగిన మాట ఒక్కటీ నాకు దొరకలేదు. కనుక నేను చెప్పబోయేది, ఆ ఒక్క ప్రశ్నకు ఏ కాలంలో ఎవరెట్లా జవాబు చెప్పుకొన్నారన్న చరిత్రే.

గోదావరి ఒకప్పుడు రెండు రాజ్యాల సరిహద్దు. 1860లో నిజాం ప్రభువు ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను ఇంగ్లీషువారికి వదులుకొన్నాడు. అదే సంవత్సరం తయారై 1862లో అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షను ఉన్నది. ప్రకృతి విరుద్ధమని తాను తలచిన కలయికకు అది యావజ్జీవ శిక్ష దాకా విధించవచ్చునన్నది. కుడిగట్టున నిజాం చట్టాలు వేరు. 1951లోగాని భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి రాలేదు. అయితే 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతంలో, నిజాం రాజ్యంలోనూ ఒక చట్టం పుట్టినది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించవలెనని, వారు ఆడవేషంతో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చునని అందులో ఉన్నది. ఏ గట్టున నిలబడినా ఏదో ఒక పుస్తకంలో మనిషి నేరస్థుడే.

చట్టం అట్లా ఉండగా లోకవ్యవహారం వేరుగా నడిచినది. ఇప్పుడు మన మధ్య లేని ఒక పెద్దాయన నాతో చెప్పిన సంగతి ఇది. వంతెన లేని రోజులలో ఖమ్మం వైపు నుండి భద్రాద్రికి పోయేవారు బూర్గంపాడు దగ్గరి రేవులలో పడవ ఎక్కేవారు. ఏరు పొంగినదంటే గట్టునే పడిగాపులు. ఆవలికి చేరితే సత్రంలో చాప మీద చాప. ఆయనా ఆయన మిత్రుడూ ఏటా శ్రీరామనవమికి కలిసి పోయేవారట. "సత్రంలో ఏమవుతారని అడిగేవారు కారు బిడ్డా, ఏ ఊరని మాత్రం అడిగేవారు" అన్నారు. పురుషులిద్దరు చేయి చేయి పట్టుకొని నడవడం ఆనాడు ఎవరికీ వింత కాదు. ఆ ఇద్దరికీ పెళ్ళాలున్నారు, పిల్లలున్నారు. నవమి వెళ్ళగానే ఎవరి ఇంటికి వారు చేరేవారు. ఆ ఇళ్ళలోని స్త్రీలను గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగవలసినదని ఇప్పుడనిపిస్తున్నది.

భద్రాచలం వద్ద గోదావరిపై కట్టిన వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించినారు. మా ప్రాంతానికి అంతటి మేలు మరొకటి జరగలేదనడంలో అతిశయోక్తి లేదు. ఆసుపత్రికి పోయేవారికి, పంట అమ్ముకొనేవారికి దారి దొరికినది. కాని ఆ పెద్దాయన మరొక సంగతి చెప్పినారు. బస్సు వచ్చిన తరువాత పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చును. కనుక రాత్రి అక్కడ ఎందుకు ఆగవలసి వచ్చినదో ఇంట్లో కారణం చెప్పవలసి వచ్చినది. ఏరు ఇచ్చిన సాకును వంతెన తీసివేసినది.

అయితే అదే కాలం మరొక తలుపు తెరిచినది. 1953లో వరంగల్లు నుండి వేరుపడి ఖమ్మం జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుండి వచ్చి ఇందులో కలిసినవి. కచేరీలు వచ్చినవి, కళాశాల వచ్చినది, సాగరు ఎడమ కాలువ పనులు వచ్చినవి. కోస్తా జిల్లాల నుండి ఓవర్సీర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైతులు తరలి వచ్చినారు. కొత్తగూడెంలో బొగ్గుగనులు, ఆ పక్కన పాల్వంచలో విద్యుత్ కేంద్రం దూరదేశాల మనుషులను పిలిచినవి. అంతకుముందు మా ఊళ్ళో ప్రతి కుర్రవాడూ ఫలానావారి అబ్బాయి. ఇప్పుడు ఎవరి అబ్బాయో తెలియనివారు వీధిలో నడవసాగినారు. మామిళ్ళగూడెంలో ఒక్క గదిని ఇద్దరు ఉద్యోగులు పంచుకొంటే దానిని పొదుపు అన్నారు. వేరొకటి ఎవరూ అనలేదు. "ఏమవుతారు?" అంటే "మా ఆఫీసే" అన్న జవాబు సరిపోయినది. పట్టణమంటే మేడలు కావు, ముక్కూమొగం తెలియని మనుషులు పక్కపక్కన బ్రతకగలగడమే పట్టణమని నేను అర్థం చేసుకొన్నది ఆ తరంవారి ముచ్చట్ల వలననే.

నా యౌవనం 1990 తరువాతి మాట. అప్పటికి కమాన్ బజారులో, గాంధీ చౌకులో నిలబడితే భుజం భుజం రాసుకొనేది. మిర్చి సీజనులో బండ్లు, బస్తాలు, కొరగారుతో తుమ్ములు. మాబోటివారికి ఆ సందడిలో కొన్ని నిలువనీడలుండేవి. టాకీసులో రెండవ ఆట, పెవిలియన్ మైదానం చివర, మున్నేటి గట్టు, అన్నిటికన్నా మిన్నగా రైల్వే స్టేషను. 1889లో బెజవాడ దాకా బండి నడిచిన నాటినుండి ఆ మార్గంలో రాకపోకలు ఆగలేదు. బండి కోసం ఎదురుచూసేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కొని, రాని బండి కోసం ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో నాకే తెలియదు. అక్కడ కలిసినవారి అసలు పేర్లు నాకు తెలియవు. నా పేరు వారికి తెలియదు. భయం కూడా అక్కడే ఉండేది. లాఠీ చప్పుడు వినబడితే చాలు, బెంచీ ఖాళీ అయ్యేది. నేరమన్న చట్టంతో జైలుకు పంపిన సందర్భాలకన్న, దానిని చూపి జేబు ఖాళీ చేయించిన సందర్భాలే మాలో ఎక్కువగా చెప్పుకొనేవారు.

ఒక స్నేహితుణ్ణి గురించి చెప్పి ముందుకు పోతాను. ఒకే వీధిలో పెరిగినాము, ఒకే సైకిలు తొక్కినాము. మా ఇద్దరికీ ఒకరికొకరం ఏమవుతామో తెలుసు, పైకి అనుకోలేదు. అతనికి పెళ్ళి కుదిరినప్పుడు విడిదింటి ఏర్పాట్లు నేనే చూసినాను. తలంబ్రాల వేళ వంటశాలలో నిలబడి గంగాళాలు లెక్కపెట్టినాను. ఆ అమ్మాయికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. అన్యాయం ఒకరికి జరిగితే చాలునన్నట్టు కాక, మా ఊరి మర్యాద ఒక్క ముహూర్తంతో ముగ్గురికి అన్యాయం చేసినది.

చట్టం కదలడం ఆ తరువాతి మాట. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షను పరిధి నుండి వయోజనుల పరస్పర సమ్మతిని తప్పించినది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చినది. నాలుగేళ్ళు పౌరులమై మళ్ళీ నేరస్థులమైనాము. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మచ్చను తుడిచినారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు 1329 ఫసలీ నాటి చట్టాన్ని కొట్టివేసినది. నూరేళ్ళు దాటిన రిజిస్టరు అప్పటికి మూతపడినది. అదే ఏడు అక్టోబరులో, వివాహహక్కు ఇవ్వడం తమ పని కాదని సుప్రీంకోర్టు చెప్పినది. ఆ కేసులో మొదటి అర్జీదారులైన జంట మన హైదరాబాదు నివాసులే. పురుషదేహంతో పుట్టి స్త్రీగా జీవించేవారి కథ మా కథ ఒకటి కాదు. కాని ఇరుగుపొరుగు కథలు. ఖమ్మానికి చెందిన డాక్టరు రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యురాలుగా చేరిన వార్త పత్రికలో చూసి, మా ఊరి పేరు ఆ పక్కన ఉన్నందుకు ఆనాడు పత్రిక రెండు ప్రతులు కొన్నాను.

ఊరు కూడా ఊరుకోలేదు. 2012లో ఖమ్మం నగరపాలక సంస్థ అయినది. 2021లో కొత్త బస్‌స్టాండు, 2022లో లకారం చెరువు మీద తీగల వంతెన వచ్చినవి. చీకటిగా ఉండిన చోట్ల దీపాలు, కెమెరాలు వెలిసినవి. ఆడపిల్లలు రాత్రివేళ నిర్భయంగా నడుస్తున్నారు. ఇది సంతోషించవలసిన మాట. మా కుర్రవారికి మున్నేటి గట్టుతో పని లేదు. సెల్‌ఫోనులోనే కలుసుకొంటున్నారు, మోసగించి డబ్బు గుంజేవారు కూడా అందులోకే చేరినారు. పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచినవి. వాటి గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. పేరు, వేళ, ఎవరింటికి, ఏమి పని అని గడులు. ఒకప్పుడు నోటితో అడిగిన ప్రశ్నను ఇప్పుడు కలంతో అడుగుతున్నారు. నేనిప్పుడు మరొకరితో కలిసి ఉంటున్నాను. ఇల్లు అద్దెకు తీసుకొన్ననాడు 'కజిన్' అని వ్రాసినాను. చట్టం మారిన తరువాత వ్రాసిన అబద్ధమది.

చివరిగా, ఈ ప్రసంగం వ్రాయడానికి కారణమైన సంగతి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు పెరిగినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. వంతెన మీద రాకపోకలు నిలిపివేసినారు. నీరు తీసిన తరువాత నేను రికార్డరు పట్టుకొని ఒక పునరావాస కేంద్రానికి పోయినాను. కుటుంబానికి 10,000 రూపాయల సహాయం ప్రకటింపబడినది, పేర్లు వ్రాస్తున్నారు. వరుసలో అరవై దాటిన ఇద్దరు పురుషులు నిలబడినారు. ఒకాయన గుడి దగ్గర కుంకుమ, పటాలు అమ్ముతారు. రెండవ ఆయన హోటలులో వంటమనిషి. వ్రాసే కుర్రవాడు అడిగినాడు: "ఈయన మీకేమవుతారు?"

కుంకుమ అమ్మే ఆయన తడుముకోలేదు. "వరస ఏమీ లేదు సారూ. ఇరవై ఏడేండ్లుగా ఒకే పొయ్యి" అన్నారు.

కుర్రవాడు కలం ఆపినాడు. తరువాత ఇద్దరి పేర్లూ ఒకే కుటుంబం కింద వ్రాసి, సంబంధం అన్న గడిని ఖాళీగా వదిలినాడు. అతను నియమం తప్పలేదని నా అభిప్రాయం. మన జనగణన లెక్కలో కూడా, ఒకచోట ఉంటూ ఒకే వంటశాలలో తినేవారు ఒక గృహస్థులే; రక్తసంబంధం ఉండితీరవలెనన్న నిబంధన లేదు. దేశం ఎప్పుడో ఒప్పుకొన్న మాటనే ఆ ముసలాయన తన భాషలో చెప్పినారు.

ఆయన నా వంక తిరిగి, "మీకు పెండ్లయిందా సారూ?" అన్నారు. "అయింది" అన్నాను. కేంద్రానికి వచ్చి టేపు సరిచేసేటప్పుడు నీటిమట్టం, బియ్యం, మందుల సంగతులు ఉంచినాను. 'ఒకే పొయ్యి' అన్న మాటను కత్తిరించినాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. నా చేయే కత్తిరించినది.

ఆ మాట ఆనాడు మీకు వినిపించవలసినది. వినిపించలేకపోయినందుకు ఈనాడు అచ్చులో ఉంచుతున్నాను. మొన్న అపార్ట్‌మెంటు రిజిస్టరులో పాత పుట తీయించి, 'కజిన్' అన్న చోట కొట్టివేసి, 'ఒకే పొయ్యి' అని వ్రాసినాను. కాపలాదారు చదువుకొని, "అంటే వంట కలిపే కదా సారూ" అన్నాడు. అవునన్నాను.