చంద్రయాత్రలూ, జనం ఉత్సాహమూ

1970 ఏప్రిల్ 13 రాత్రి అపోలో-13 వ్యోమగాములు భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఒక టెలివిజన్ కార్యక్రమం పంపారు. తమ నౌక లోపలి భాగాలు చూపించారు. భారరహిత స్థితిలో తాము ఎలా పని చేస్తున్నారో వివరించారు. అమెరికాలోని పెద్ద టెలివిజన్ సంస్థల్లో ఒక్కటి కూడా దాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేయలేదు. చంద్రుడి మీద మనిషి కాలు మోపి అప్పటికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు! కార్యక్రమం ముగిసిన కొద్ది నిమిషాలకే నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ఆ తర్వాత నాలుగు రోజులు ప్రపంచమంతా ఊపిరి బిగపట్టుకుని ఆ ముగ్గురి కోసం ఎదురుచూసింది.

అంత ఉత్సాహం అంత త్వరగా ఎందుకు చల్లారింది? చంద్రయాత్రల్లో రాకెట్ల కథ మీరు చాలాసార్లు చదివే ఉంటారు. వాటిని చూసిన జనం కథ కూడా తెలుసుకోదగిందే. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే కళ్లప్పగించి చూసినవాళ్లం గనక మనకు ఆ కథతో పని ఉంది.

అందరూ మెచ్చిన యాత్రేనా?

అపోలో పథకాన్ని అమెరికా ప్రజలంతా ఒక్క గొంతుతో సమర్థించారని మనం అనుకుంటూ ఉంటాం. అప్పటి అభిప్రాయ సేకరణలు వేరే సంగతి చెబుతున్నాయి. ప్రభుత్వం అంతరిక్షం మీద మోతాదు మించి ఖర్చు చేస్తోందని 1960లలో నూటికి 45 నుంచి 60 మంది దాకా అంటూ వచ్చారు. చంద్రయాత్రకు పెట్టిన ఖర్చు తగినదేనని సగం మందికి పైగా ఒప్పుకున్నది ఆ దశాబ్దంలో ఒక్కసారే, 1969లో అపోలో-11 విజయం తర్వాత. అప్పుడైనా ఆ సంఖ్య 53 శాతమే.

నాసాకు నిధుల పాలు అత్యధికంగా అందింది 1966లో. ఆ ఏడాది అమెరికా కేంద్ర ప్రభుత్వ వ్యయంలో 4.4 శాతం నాసాకు వెళ్లింది. ఆ తర్వాత ఆ పాలు తగ్గుతూ వచ్చింది. అంటే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగు పెట్టేనాటికే నిధుల కోత మొదలై మూడేళ్లయింది. 1970లో చివరి మూడు యాత్రలు రద్దయ్యాయి. 1972 డిసెంబరులో అపోలో-17తో పథకం ముగిసింది.

వ్యతిరేకించినవారి మాటలోనూ పస ఉంది. అపోలో-11 బయలుదేరడానికి ముందురోజు, 1969 జూలై 15న, మార్టిన్ లూథర్ కింగ్ వారసుడిగా పౌరహక్కుల ఉద్యమాన్ని నడుపుతున్న రాల్ఫ్ అబర్నతీ పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచరగాడిదల బండ్లతో రాకెట్ కేంద్రానికి వచ్చాడు. ఆకలితో ఉన్నవారిని వదిలేసి చంద్రుడి మీద డబ్బు పోయడమేమిటని ఆయన ప్రశ్న. నాసా అధిపతి థామస్ పెయిన్ ఎదురు వెళ్లి మాట్లాడాడు. మీట నొక్కకుండా ఆగితే పేదరికం పోతుందంటే రేపు ఆ మీట నొక్కబోమని ఆయన జవాబు. వాదం తేలలేదు. అబర్నతీ మాత్రం వ్యోమగాములు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించాడు.

ఇదే కాలంలో పాన్ అమెరికన్ విమాన సంస్థ చంద్రుడికి వెళ్లే మొదటి ప్రయాణికుల జాబితా రాసుకుంటూ ఉండేది! 1964లో వియన్నాలో ఒక పత్రికా విలేకరి చంద్రుడికి టిక్కెట్టు కావాలని అడగడంతో మొదలైన ఈ జాబితాలో 1971 నాటికి 93 వేలకు పైగా పేర్లు చేరాయి. పేరు నమోదుకు రుసుము లేదు, సభ్యత్వ కార్డు మాత్రం ఇచ్చేవారు. చంద్రుడికి విమానం బయలుదేరలేదు. 1991లో ఆ సంస్థే మూతపడింది.

ఈ ఉత్సాహం బూటకమనడానికి వీల్లేదు. అయితే కార్డు పుచ్చుకున్నవారికీ, టెలివిజన్ ముందు కూర్చున్నవారికీ ఆ తర్వాత చేయడానికి పనంటూ ఏదీ లేదు. కొత్త దృశ్యం పాతబడగానే చూపు మరోవైపు మళ్లింది.

కాపు కాసిన కళ్లు

జనానికి పని ఇచ్చిన ప్రయత్నం ఒకటి అంతకు ముందే మొదలైంది. 1956లో స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక వేధశాల డైరెక్టర్ ఫ్రెడ్ విపుల్ 'ఆపరేషన్ మూన్‌వాచ్' ప్రారంభించాడు. ఇక్కడ మూన్ అంటే చందమామ కాదు, మనిషి పంపబోయే కృత్రిమ చంద్రుడు, అంటే ఉపగ్రహం. దాన్ని కనిపెట్టే పనిని మామూలు జనానికి అప్పగించాలన్నది విపుల్ ఆలోచన. ఉపాధ్యాయులు, గృహిణులు, బడిపిల్లలు, ఉద్యోగులు దళాలుగా చేరారు. అమెరికాలోనే కాక జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వంటి దేశాల్లోనూ దళాలు ఏర్పడ్డాయి.

పద్ధతి సులువైనదే. పరిశీలకులు చిన్న చిన్న దూరదర్శినులతో ఒక వరుసలో కూర్చుంటారు. ఒకరికి కనిపించే ఆకాశపు ముక్క పక్కవారి ముక్కతో కొంత కలిసేలా దూరదర్శినులను అమరుస్తారు. దాంతో ఉత్తరం నుంచి దక్షిణానికి ఆకాశంలో ఒక కంచె కట్టినట్టవుతుంది. ఉపగ్రహం ఆ కంచెను ఎప్పుడు దాటినా ఎవరో ఒకరి కంట పడక తప్పదు. దాటిన క్షణాన్ని రేడియో కాల సంకేతాలతో సరిపోల్చి నమోదు చేస్తారు. అలాంటి కొలతలు కొన్ని చేతికొస్తే కక్ష్యను లెక్కకట్టవచ్చు.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ హఠాత్తుగా స్పుత్నిక్‌ను పంపింది. ఉపగ్రహాలను ఫోటో తీయడానికి తయారు చేయిస్తున్న పెద్ద బేకర్-నన్ కెమెరాలు అప్పటికి సిద్ధం కాలేదు. మూన్‌వాచ్ దళాలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత ప్రపంచంలో 12 చోట్ల బేకర్-నన్ కెమెరాలు పెట్టారు. వాటిలో ఒకటి మన నైనిటాల్‌లో ఉండేది.

ఈ పరిశీలనలు వృథా పోలేదు. ఉపగ్రహాల కక్ష్యలు కుంచించుకుపోయే తీరును గమనించిన శాస్త్రజ్ఞులు, పైవాతావరణం అనుకున్నదానికంటే సాంద్రంగా ఉందని తెలుసుకున్నారు. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు అది వేడెక్కి ఉబ్బుతుందనీ, ఉపగ్రహాలకు ఎదురయ్యే రాపిడి పెరుగుతుందనీ గ్రహించారు.

1962 సెప్టెంబర్ 5న స్పుత్నిక్-4 భూమి మీదికి రాలుతుండగా అమెరికాలోని మిల్వాకీ మూన్‌వాచ్ దళం కాపు కాసి చూసింది. దాని ముక్క ఒకటి, సుమారు తొమ్మిదిన్నర కిలోలది, మానిటొవాక్ అనే ఊళ్లో నడివీధిలో దొరికింది. పోలీసులు మొదట దాన్ని ఏదో తుక్కనుకున్నారు. ఉపగ్రహం రాలిన వార్త తెలిశాకే అదేమిటో గుర్తించారు. ముక్క ఎవరి మీదా పడలేదు, ఊళ్లో గగ్గోలూ పుట్టలేదు. మూన్‌వాచ్ 1975 దాకా, అంటే అపోలో పథకం ముగిశాక కూడా, పని చేసింది.

స్కైలాబ్ భయం

రాలే ఉపగ్రహం ఇంకొక చోట ఏం చేసిందో చూడండి. 1973లో అమెరికా పంపిన స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం బరువు సుమారు 77 టన్నులు. సూర్యుడు చురుగ్గా ఉన్న కాలం రావడంతో పైవాతావరణం ఉబ్బింది, అనుకున్న గడువుకు ముందే అది కిందికి దిగసాగింది. 1979 జూలై 11న రాలిపోయింది. ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి.

ఆ రోజుల్లో మన తెలుగు పల్లెల్లో పుట్టిన భయం గురించి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. నెత్తిన పడుతుందని, లోకం అంతమవుతుందని పుకార్లు పాకాయి. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవారి కథలు వినిపిస్తాయి. 2021లో ఇదే ఇతివృత్తంతో 'స్కైలాబ్' అనే తెలుగు సినిమా కూడా వచ్చింది. వారిని చూసి నవ్వుకోవడం తేలిక. కానీ అదెందుకు రాలుతోందో, ఎక్కడ పడే అవకాశం ఎంతో వారికి అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటేదీ లేదు. విషయం తెలిసిన పొరుగువాడు ఒక్కడున్నా ఊరికి కొంత ధైర్యం ఉండేది.

మన సంగతి

అపోలో-11 చంద్రుడి మీద దిగినప్పుడు మనకు జూలై 21 తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలు. అప్పటికి మన దేశంలో టెలివిజన్ ఢిల్లీలో మాత్రమే ఉండేది. మిగతావారికి రేడియో, పత్రికలే ఆధారం. చంద్రుడి పోటీలో దిగే ఉద్దేశం మనకు లేదనీ, సామాన్యుడి అవసరాలకు ఈ విజ్ఞానాన్ని వాడడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదనీ విక్రం సారాభాయ్ ఆ రోజుల్లోనే అన్నారు. అబర్నతీ ప్రశ్నకు అది మన దేశపు జవాబు. 1975-76లో 'సైట్' ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహ టెలివిజన్ చేరింది.

అయినా చంద్రుడి మీద మన శాస్త్రజ్ఞులకు ఆసక్తి లేకపోలేదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో దేవేంద్ర లాల్ బృందం అపోలో నౌకలు తెచ్చిన చంద్రశిలల మీద పరిశోధనలు చేసింది. లాల్ 1972లో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనా ప్రయోగశాలకు డైరెక్టర్ అయ్యారు. ఆయన వద్ద పనిచేసిన జె.ఎన్. గోస్వామి 2008లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1కు ముఖ్య శాస్త్రజ్ఞుడు. రేడియోలో చంద్రయాత్ర వార్త విని మర్చిపోయినవారు కోట్లమంది. ఆ రాళ్లతో కుస్తీ పట్టిన కొద్దిమంది మూలంగానే మనకు చంద్రుడి దారి దొరికింది.

2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 దింపబోయిన 'విక్రం' కూలిపోయింది. దాని శిథిలాలు మొదట ఎవరికి కనిపించాయి? నాసా వారి చంద్ర కక్ష్యా నౌక తీసిన చిత్రాలను ఇంట్లో కూర్చుని పోల్చి చూసిన చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్‌కు. ఆయన గుర్తించిన చోటును నాసా పరిశీలించి, డిసెంబరులో ఆయన పేరుతోనే ప్రకటించింది. మూన్‌వాచ్ పరిశీలకుల పనికీ ఈ పనికీ మధ్య అరవై ఏళ్ల దూరమున్నా రెండూ ఒక జాతివే.

చంద్రయాన్-3 దిగినప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే. అయితే ఏడాదికొకసారి వ్యాసరచన పోటీ పెట్టి ఊరుకుంటే ఈ ఉత్సాహం కూడా అపోలో దారినే పోతుంది. పిల్లలకు చేతినిండా పని ఉండాలి. సప్తమి, అష్టమి రోజుల్లో చంద్రుడి వెలుగునీడల అంచున బైనాక్యులర్‌తో చూస్తే గోతుల నీడలు స్పష్టంగా తెలుస్తాయి. నెల పొడుగునా ఆ నీడలను బొమ్మగా గీయించవచ్చు. సాయంత్రం ఆకాశంలో దాటిపోయే ఉపగ్రహాల వేళలను రాయించవచ్చు. చంద్రయాన్ చిత్రాలూ కొలతలూ ఇస్రో అందరికీ అందుబాటులో ఉంచింది, వాటిని తెరిచి చూడడం నేర్పవచ్చు. వీటికి పెద్ద ఖర్చు అక్కరలేదు, ఓపికగల ఉపాధ్యాయుడు ఒకరు చాలు. మీ ఊరి బడిలో అలాంటివారు ఉంటే వచ్చే శుక్లపక్షంలోనే మొదలుపెట్టమనండి.