లాక్‌డౌన్ నుంచి మహామాంద్యం పుడుతుందా? విశాఖ రేవు, ఉక్కు, వేట చెప్పే సాక్ష్యం

2020 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ద్రవ్య నిధి తన నివేదికలో ఆ ఏటి కరోనా సంక్షోభానికి ‘మహా లాక్‌డౌన్’ అని పేరు పెట్టింది. 1930ల మహామాంద్యం తర్వాత ప్రపంచం చూసిన అతి పెద్ద పతనం ఇదేనని ప్రకటించింది. మన దేశంలో 2020–21 మొదటి త్రైమాసికంలో స్థూల దేశీయోత్పత్తి 23.9 శాతం పడిపోయిందన్న లెక్క ఆగస్టు చివరన వెలువడింది. నిర్మాణ రంగం సగానికి సగం, అంటే 50.3 శాతం కుంగింది. ఏప్రిల్ నెల నిరుద్యోగం 23 శాతం దాటిందని సీఎంఐఈ అనే పరిశోధన సంస్థ సర్వే చెప్పింది. మహామాంద్యం అడుగున, 1933లో, అమెరికాలో నిరుద్యోగం దాదాపు 25 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి 1930లు తిరిగి వచ్చాయనిపించడంలో వింత లేదు.

ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ఒక్క ఊరి అనుభవంతో పరీక్షించడమే ఈ వ్యాసం పని. విశాఖపట్నాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ నగరం ఓడల మీద, ఉక్కు మీద బతుకుతుంది. ప్రపంచంలో ఎక్కడ గిరాకీ తగ్గినా ఇక్కడి బెర్తుల దగ్గర తెలుస్తుంది. పైగా ఈ రేవు పుట్టిందే మహామాంద్యం నడుమ. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ ఇన్నర్ హార్బర్‌లోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చాలని వేసిన పథకం అది. రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. తీరా మార్గం, రేవు సిద్ధమయ్యేసరికి ప్రపంచంలో ఉక్కు కొలుములు చల్లబడి, మాంగనీసును అడిగే నాథుడు లేడు.

అప్పుడు కోస్తాలో జరిగినదేమిటో జాగ్రత్తగా చూడాలి. ఎవరూ పనులు ఆపమనలేదు. వరి పండింది, కోతలు కోశారు, ధాన్యం సంతకు వచ్చింది. పడిపోయింది ధర. మద్రాసు ప్రెసిడెన్సీలో ధాన్యం ధర నాలుగైదేళ్లలో సుమారు సగానికి దిగింది. శిస్తు మాత్రం రూపాయల్లో కట్టినది కట్టినట్టే ఉంది. షావుకారు పత్రంలో అసలూ అంతే, వడ్డీ రేటూ అంతే. పది బస్తాలతో తీరాల్సిన అప్పుకు ఇరవై బస్తాలు చాలలేదు. ఇళ్లలోని బంగారం కరిగి దేశం దాటింది. రంగూన్‌లో సంపాదించి పంపే డబ్బు మీద ఆధారపడిన విశాఖ, గోదావరి జిల్లాల కుటుంబాలకు ఆ దారి కూడా ఇరుకైంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మెకు దిగితే వారి చోట బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిశాక ఆ బర్మీయులను తీసేశారు. దాని మీద రేగిన అల్లర్లలో ప్రాణాలు పోయాయి. చివరికి 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల రుణవిముక్తి చట్టం తెచ్చి వడ్డీ బకాయిలకు కత్తెర వేయాల్సి వచ్చింది. పతనం మొదలైన దాదాపు తొమ్మిదేళ్లకు.

కాబట్టి మాంద్యం తీవ్రతను ఎంత పడిపోయిందన్న అంకె ఒక్కటే చెప్పదు. పని ఆగితే ఆదాయం ఆగుతుంది. ఆదాయం ఆగినా అప్పు ఆగదు. అప్పు తీర్చడానికి ఉన్నది అమ్ముకుంటే ధరలు ఇంకా పడతాయి, కొనేవాడు ఇంకా తగ్గుతాడు. ఈ గొలుసు బిగుసుకుంటే మూసినవారు తలుపు తెరిచినా పని తిరిగి రాదు. లాక్‌డౌన్ ఆ గొలుసులో మొదటి కొక్కెం కాగలదు. మిగతా కొక్కేలు తగులుకున్నాయా లేదా అన్నదే నా పరిశీలన.

ముందు ఉక్కు సంగతి. 2020 మార్చి 24 రాత్రి ప్రధాని ప్రకటన వెలువడి, అర్ధరాత్రి నుంచి దేశం మూతపడినా విశాఖ ఉక్కు కర్మాగారం పూర్తిగా ఆగలేదు, ఆగడానికి వీల్లేదు. కోక్ ఓవెన్ బ్యాటరీలో ఒక్కో ఓవెన్ ఏడు మీటర్ల ఎత్తు. బ్యాటరీకి 67 ఓవెన్లు. వాటి గోడలు సిలికా ఇటుకలవి. ఒకసారి వేడెక్కించాక ఆ ఇటుకలు ఏళ్ల తరబడి ఎర్రగా కాగుతూనే ఉండాలి. వేడి ఒక హద్దు కిందికి దిగిందంటే ఇటుక ముడుచుకుని గోడ పగుళ్లిస్తుంది, మళ్లీ కట్టుకోవాల్సిందే. బ్లాస్ట్ ఫర్నేసులదీ ఇదే తంతు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటగా పేర్లు పెట్టుకున్న ఆ మూడు ఫర్నేసుల్లో దేన్నయినా ముందస్తు ఏర్పాటు లేకుండా వదిలేస్తే లోపలి ఇనుము అడుగున గడ్డకడుతుంది. అందుకే ఉత్పత్తి తగ్గించుకుంటూ, తక్కువ మందితో కొలిమి వేడిని కాపాడుకోవడమే ఆ వారాల్లో పని. ‘అత్యవసర’ జాబితాలో నిరంతర ప్రక్రియ పరిశ్రమలను చేర్చిన ఆ ఒక్క వాక్యం వేల కోట్ల ఆస్తిని నిలబెట్టిందని నేను నమ్ముతాను.

కొలిమి వెలుగుతున్నా సరుకు కదలాలి కదా. ఈ కర్మాగారం చేసేది ప్రధానంగా ఇళ్లకు, వంతెనలకు వాడే కడ్డీలు, వైర్ రాడ్లు. నిర్మాణాలు ఆగిపోయాయి. అప్పుడు ఆదుకున్నది మనకంటే ముందు మూసి మనకంటే ముందు తెరిచిన చైనా. 2020 వేసవిలో అక్కడి మిల్లులు, నిర్మాణ సంస్థలు మన దేశం నుంచి బిల్లెట్లు, ఉక్కు చుట్టలు, ఇనుప ఖనిజం పెద్ద ఎత్తున కొన్నాయి. విశాఖ ఉక్కు బిల్లెట్లు కూడా ఆ దారినే వెళ్లాయి. 1930ల్లో ఇలా ఒక పెద్ద దేశం ముందుగా కోలుకుని మిగతావారి సరుకు కొన్నది లేదు. ఎవరికి వారు సుంకాల గోడలు కట్టుకున్నారు.

రేవు లెక్కలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. 2019–20లో విశాఖపట్నం పోర్టు 7.27 కోట్ల టన్నుల సరుకు ఎగుమతి దిగుమతులు చేసింది. 2020–21లో అది 6.98 కోట్ల టన్నులు. తగ్గుదల నాలుగు శాతం. దేశంలోని ప్రధాన రేవులన్నిటి తగ్గుదలా అంతకు కాస్త అటూ ఇటూగానే ఉంది. ఓడ నుంచి సరుకు దించడం ఆగలేదు. దించిన సరుకు యార్డు దాటడమే కష్టమైంది. లారీ ఉంటే డ్రైవరు లేడు, డ్రైవరు ఉంటే దారిలో ధాబా లేదు, క్లియరింగ్ ఏజెంటు ఆఫీసుకు పాసు లేదు. ఆ వారాలకు డెమరేజీ (సరుకు ఆలస్యానికి వేసే రుసుము), జరిమానాలు వసూలు చేయొద్దని కేంద్ర నౌకాయాన శాఖ ప్రధాన రేవులను ఆదేశించింది. చూడడానికి చిన్న ఉత్తర్వే. కానీ ఆగిన కాలానికి బాకీ పెరగకుండా చూడడమే మాంద్యానికి అడ్డుకట్ట అయితే, ఆ పని మొదట రేవులోనే జరిగింది. 2023–24 నాటికి పోర్టు 8.1 కోట్ల టన్నులు దాటింది. మాంద్యం ఉన్న ఊరి రేవుకు ఇలాంటి లెక్క రాదు.

ఉక్కు కర్మాగారం నష్టాలకు లాక్‌డౌనే కారణమని అనేవారు ఈ అంకెలను వరుసగా చదవాలి. 2019–20 నష్టం రూ.3,910 కోట్లు. ఆ ఏడాదిలో లాక్‌డౌన్ చివరి వారం మాత్రమే. లాక్‌డౌన్ ఏడాది 2020–21లో నష్టం రూ.1,012 కోట్లకు తగ్గింది. 2021–22లో రూ.913 కోట్ల లాభం. మరుసటి ఏడాది మళ్లీ రూ.2,859 కోట్ల నష్టం. సొంత ఇనుప గనులు లేకపోవడం, విస్తరణకు తెచ్చిన అప్పు మీద వడ్డీ, దిగుమతి కోకింగ్ బొగ్గు ధర: ఈ మూడూ లాక్‌డౌన్‌కు ముందే ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. 2021 జనవరి 27న వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. మూడు నెలలు తిరక్కముందే, కరోనా రెండో ఉద్ధృతిలో ఊపిరాడక జనం అల్లాడుతున్నప్పుడు, దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22న ఇదే కర్మాగారంలో ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయల్దేరింది. ఆర్థిక చర్చలో ఇది పక్క విషయంలా కనిపించవచ్చు. కొలిమి చల్లారనివ్వకపోవడం వల్ల దక్కిన లాభాలన్నీ బ్యాలెన్స్ షీటుకు ఎక్కవని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనిపించదు.

ప్రభుత్వం ఆజ్ఞ ఇవ్వకపోతే వ్యాపారం మామూలుగా సాగేదన్న వాదన కూడా నిలవదు. గూల్స్‌బీ, సైవర్సన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు సెల్‌ఫోన్ వివరాలతో లెక్కగడితే, దుకాణాలకు వెళ్లేవారి సంఖ్య 60 శాతం తగ్గితే అందులో ఆంక్షల వల్ల తగ్గినది 7 శాతం పాయింట్లే. మిగతాదంతా భయం. అయితే మన దగ్గర సొంత వాహనం, సొంత గది లేని కూలీకి బయటికి వెళ్లాలా వద్దా అని ఎంచుకునే అవకాశమే తక్కువ. కనుక ఆజ్ఞ పాత్ర ఇక్కడ అంతకంటే ఎక్కువే అయి ఉంటుందని నా అభిప్రాయం.

ఇక వేట. ఈ భాగం దగ్గర నగరం సగటు అంకె పనికిరాదు. తూర్పు తీరంలో మామూలుగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. 2020లో లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. కేంద్రం నిషేధాన్ని మే 31కే ముగించింది. మొత్తం కలిపితే 68 రోజులు. నడుమ ఏప్రిల్ 10న వేటకు సడలింపు కూడా ఇచ్చారు. అంటే బోటు ఒడ్డున ఉన్న కాలం ప్రతి ఏటికంటే ఎక్కువంటే ఒక వారమే ఎక్కువ. కాలాన్నే కొలిస్తే నష్టం స్వల్పమనాలి. కానీ నిషేధానికి ముందున్న ఆ మూడు వారాల వేటే రెండు నెలల తిండి. ఆ డబ్బుతోనే పాత బాకీ తీర్చి కొత్త బాకీ అడిగే ముఖం తెచ్చుకుంటారు. సడలింపు వచ్చాక బోటు కదిలించాలన్నా ఐసు కావాలి, ఎగుమతిదారు కావాలి, హోటళ్లు తెరిచి ఉండాలి. అదే సమయంలో ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా గుజరాత్‌లోని వేరావల్ రేవులో బోట్ల మీదే చిక్కుకుపోయారు. ఏప్రిల్ ఆఖరున రాష్ట్ర ప్రభుత్వం బస్సుల్లో తీసుకొచ్చింది. ఊళ్లో పని దొరకకే వారు అంత దూరం పోయింది. అడ్వాన్సు తీసుకుని సీజను ఆసాంతం పనిచేసి, చివర్లో లెక్క తేల్చుకుని ఇంటికి వచ్చే కలాసీకి ఆ చివరి లెక్క తెగడమే ఏడాది ఆదాయం. 1930 నాటి రంగూన్ కుటుంబాలకూ, 2020 నాటి వేరావల్ కుటుంబాలకూ తగిలిన దెబ్బ ఒకే చోట తగిలింది.

గాజువాక ఆటోనగర్ చిన్న షెడ్లు, ఉక్కునగరం గేటు బయట రోజు లెక్కన పనిచేసే కాంట్రాక్టు కార్మికులు, అరకు దారిలో పర్యాటకులను నమ్ముకున్న జీపులు, హోటళ్లు ఈ కోవలోకే వస్తాయి. పెద్ద యూనిట్లకు బిల్లెట్లు కొనడానికి చైనా ఉంది. వీరికి కొనేవాడు పక్క వీధివాడే, అతని చేతిలోనూ డబ్బు లేదు.

ఆగినదాన్ని మళ్లీ కదిలించడంలోని ప్రమాదం గురించి కూడా చెప్పాలి. మే 7 తెల్లవారుజామున నగరంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మందిని చంపింది. లాక్‌డౌన్‌లో వాడకం లేక ట్యాంకులో నిలిచిపోయిన ద్రవం వేడెక్కి, రసాయన చర్య అదుపు తప్పింది. నిల్వ ఉష్ణోగ్రతను, చర్యను అడ్డుకునే రసాయనాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన భద్రతా వ్యవస్థ విఫలమైందని ప్రభుత్వ ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది. తప్పు లాక్‌డౌన్‌ది అనడం ఆ వైఫల్యానికి సాకు వెతకడమే అవుతుంది. అయితే పరిశ్రమలను మూయమన్న ఉత్తర్వు, మూసినంత కాలం ప్రమాదకర నిల్వలను ఎవరు ఎలా చూడాలో అంతే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మాంద్యం గొలుసును తెంపినవేమిటి? దేశవ్యాప్తంగా సాగు ఆగలేదు. ఆ మొదటి త్రైమాసికంలో పెరిగిన రంగం వ్యవసాయం ఒక్కటే, 3.4 శాతం. నగరం వదిలి వెళ్లినవారికి ఊళ్లో తిండి ఉంది. ఏప్రిల్ నుంచి మనిషికి ఐదు కిలోల ఉచిత బియ్యం, రాష్ట్రంలో బియ్యం కార్డుకు వెయ్యి రూపాయలు అందాయి. వేట నిషేధ కాలానికి మత్స్యకార భరోసా కింద పదివేలు వచ్చాయి. ఉపాధి హామీకి కేంద్రం అదనంగా రూ.40 వేల కోట్లు ఇవ్వడంతో ఆ ఏడాది దేశంలో 389 కోట్ల పనిదినాలు నడిచాయి. రిజర్వు బ్యాంకు రెపో రేటును మార్చిలో 4.4 శాతానికి, మేలో 4 శాతానికి దించింది. బ్యాంకింగ్ వ్యవస్థ మునగలేదు. 1930ల అమెరికాలో బ్యాంకులు వరసగా కూలాయి. మొదట మైనస్ 7.3గా చెప్పిన 2020–21 వృద్ధి రేటు సవరణల తర్వాత మైనస్ 5.8 దగ్గర నిలిచింది, మరుసటి ఏడాది 9.7 పెరిగింది. ఈ లెక్కన లాక్‌డౌన్ లోతైన కుంగుబాటు తెచ్చింది, మహామాంద్యం తేలేదు.

కానీ రుణ వాయిదాల మారటోరియం ఎవరికి వర్తించిందో చూడండి. మార్చి నుంచి ఆగస్టు వరకు బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల అప్పులకు వాయిదా దొరికింది. రెండు కోట్ల లోపు రుణాలకు వడ్డీ మీద వడ్డీని కేంద్రమే భరించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఊరటను రుణం ఎంతన్నదానితో నిమిత్తం లేకుండా అందరికీ విస్తరించింది. ఇల్లు కొనుక్కున్న ఉద్యోగికి, పెద్ద కంపెనీకి న్యాయస్థానం దాకా వెళ్లే దారి ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్న కలాసీకి, రోజువారీ ఫైనాన్స్‌లో పదివేలు ఎత్తి సాయంత్రానికి వంద కట్టే తోపుడు బండి అమ్మకు ఆ వాయిదా వర్తించలేదు. వారి అప్పు ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు గనుక బ్యాంకుల లెక్కల్లో కనిపించదు. 1938 చట్టం షావుకారు పత్రాన్ని ముట్టుకుంది. 2020 ఉత్తర్వు దాని జోలికే పోలేదు. విశాఖ జాలరిపేటలోనూ గాజువాక వార్డుల్లోనూ ఆ అప్పులను ఇంటింటికీ తిరిగి రాసుకునే అధ్యయనం జరగాలి. ఆ కుటుంబాల్లో ఎందరికి 2020 ఇంకా ముగియలేదో అప్పుడు గానీ తెలియదు.