అంతుచిక్కని దోషము

మా యింటికి క్రిందటి వేసవిలో ఒక క్రొత్త కంప్యూటరు వచ్చెను. బల్లమీద నిలుపుకొను పెద్దరకము. బెజవాడలో మా మేడమీది గదిలో దానిని అమర్చితిమి. పెట్టె విప్పిన నాలుగవ దినముననే అది పనిమధ్యలో ఆగిపోయెను. తెర నీలవర్ణమై, ఏవో తెల్లని అక్షరములు చూపి, తనంత తానే ఆరి, మరల మొదటినుండి మేలుకొనెను. ఆ వారములోనే ఇట్లు ఆరుసార్లు జరిగెను. మా అమ్మాయి తన పరిశోధన వ్యాసములోని ఒక ప్రకరణమును రెండుసార్లు పోగొట్టుకొని మూడవసారి వ్రాయవలసి వచ్చెను. ఇంటిలో నింద మొదట మా అబ్బాయి ఆటలమీద పడినది, పిమ్మట కరెంటుమీద, ఆ తరువాత ఎవరో చెప్పగా వైరసుమీద. అబ్బాయిని దాని దాపునకు రానీయవద్దని కట్టడి చేసితిమి. అయినను ఆగుట మానలేదు. తుదకు అమ్మిన దుకాణమునకే మోసికొనిపోతిమి. అచ్చటి చల్లని గదిలో అది మూడు గంటలసేపు ఒక్క పొరపాటైన లేక పనిచేసెను. దుకాణదారు నవ్వి, "యంత్రము బాగానే ఉన్నదండీ, మీరే ఏదో నొక్కుచున్నారు" అని తిరిగి పంపెను. ఇంటికి తెచ్చిన మరునాటి మధ్యాహ్నమే మరల ఆగెను.

వైద్యుని గడప త్రొక్కగానే పంటినొప్పి తగ్గునని మన పెద్దలు నవ్వులకు చెప్పుదురు. యంత్రములకును ఆ గుణము కలదు. పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట సులభము; చెడినచోటు చూపుచు అట్లే పడియుండును గనుక. చెడి, బాగై, మరల చెడు యంత్రముతోనే చిక్కు. అయితే ఈ చిక్కు మా మేడగదిలో పుట్టినది కాదు. కంప్యూటరుతోపాటే పుట్టినది. దానిని పూర్వులు ఎట్లు విడదీసిరో తెలిసికొన్న పిమ్మటనే మాకును దారి కనబడెను గనుక, ఆ కథ కొంత ఇచ్చట చెప్పుచున్నాము.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నిర్మితమై, 1946 ఫిబ్రవరిలో లోకమునకు చూపబడిన యంత్రము ఎనియాక్. అందు సుమారు 18,000 వాల్వులుండెను. పాత రేడియోపెట్టెలు ఎరిగిన పెద్దలకు వాల్వు సంగతి చెప్పనక్కరలేదు. ఐదారు వాల్వులున్న రేడియోలోనే ఏడాదికొకటి మార్చవలసి వచ్చెడిది. మరి 18,000 ఉన్నచో నిమిషమునకొకటి పోవునేమో, ఇది ఒక లెక్కయైన ముగించునా యని ఆనాటి ఇంజనీర్లే పలువురు సందేహించిరి. నిర్మాతలలో ముఖ్యుడైన ప్రెస్పర్ ఎకర్ట్ ఒక నియమము పెట్టుకొనెను: ఏ వాల్వునకును అది మోయగల బరువు మోపరాదు, అంతకు ఎంతో తక్కువగనే పనిచేయింపవలెను. అతని జాగ్రత్త ఎంతదనగా, ఆకలిగొన్న ఎలుకల యెదుట పలురకముల తీగలను వేయించి, వేని తొడుగును అవి కొరుకక విడిచెనో ఆ రకమునే ఏరుకొనెను. ఇంకొక సంగతి అనుభవమున తేలెను. వాల్వులు ఎక్కువగా పోవుచుండినది పని నడుమ కాదు. యంత్రమును ఆర్పి వెలిగించునప్పుడు. చల్లారి వేడెక్కుటలో లోపలి సన్నని తీగ తెగుచుండెను. అందుచేత దానిని వీలయినంతవరకు ఆర్పక ఉంచిరి. ఇంతచేసినను, 1954లో 116 గంటలు, అనగా ఐదు దినములకు కొంచెము లోపు, ఆగక నడచుటయే దాని జీవితకాలములో మించరాని ఘనత.

1947 సెప్టెంబరులో హార్వర్డువారి మార్క్-2 యంత్రములో ఒక రిలే నడుమ చిమ్మట చిక్కుకొనగా, దానిని తీసి దినచర్య పుస్తకములో అంటించిన కథను పలువురు వినియుందురు. కంప్యూటరు దోషమునకు 'బగ్' అను పేరు అందుచేతనే వచ్చెనని చెప్పుదురు. అది నిజము కాదు. ఎడిసన్ 1878లోనే ఒక లేఖలో ఈ మాటను వాడియుండెను. ఆ చిమ్మటగల పుట మాత్రము నేటికిని వాషింగ్టనులోని స్మిత్సోనియన్ మ్యూజియమువారి యొద్ద భద్రముగ నున్నది. అట్టి దోషము దొరకిన వారిది అదృష్టమే. కంటికి కనబడినది, పట్టుకారుతో తీయవచ్చినది.

కనబడని దోషముతో వేగినవాడు రిచర్డ్ హామింగ్. బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఆ కాలమున రిలేలతో పనిచేయు కంప్యూటరొకటి యుండెను. లెక్కలో తప్పు దొర్లినచో తెలిసికొను ఏర్పాటు దానిలో కలదు. పనిదినములలో తప్పు కనబడగానే యంత్రము ఆగెడిది; మనుష్యులు వచ్చి సవరించెడివారు. వారాంతములలో మనుష్యులుండరు. అప్పుడు తప్పు వచ్చినచో యంత్రము ఆ లెక్కను అంతటితో వదలి, వరుసలోని మరియొక లెక్కను అందుకొనును. హామింగ్ తన లెక్కలను వారాంతమునకు అప్పగించి, సోమవారమున ఆశతో వచ్చి చూడగా అవి ముగియలేదు. తరువాతి వారమును అంతే. మన అమ్మాయిల ప్రకరణములు పోయినప్పటి కోపమే అతనికిని వచ్చెను. కాని అతడు కోపముతోపాటు ఒక ప్రశ్న వేసికొనెను: తప్పు జరిగినదని యంత్రమునకు తెలియుచుండగా, ఎచ్చట జరిగినదో తెలియుటకును, తానే దిద్దుకొనుటకును అడ్డమేమి?

1950లో అతడు ప్రకటించిన సమాధానమును ఒక పోలికతో చెప్పెదము. ఒక వీధిలో ఏడు ఇండ్లు, ముగ్గురు కాపరులు. మొదటివాడు 1, 3, 5, 7 ఇండ్లను చూచును. రెండవవాడు 2, 3, 6, 7 ఇండ్లను. మూడవవాడు 4, 5, 6, 7 ఇండ్లను. ఒక రాత్రి ఒకే ఇంట దొంగ పడెననుకొందము. మొదటివాడును మూడవవాడును కేకవేసి, రెండవవాడు మిన్నకున్నచో, దొంగ ఐదవ ఇంటనే యుండవలెను. వేరొక ఇల్లు అట్లు కుదరదు. ముగ్గురును కేకవేసిన ఏడవ ఇల్లు. ఏడుగురు కాపరులు అక్కరలేదు, ముగ్గురు చాలును. నాలుగు అంకెలకు మూడు కాపలా అంకెలు చేర్చినచో, ఏడింటిలో ఏది తారుమారైనను కనిపెట్టి దిద్దవచ్చును. నేడు పెద్ద పెద్ద సంస్థల కంప్యూటర్లలోని మెమరీ ఈ సూత్రపు సంతానముతోనే కాపాడబడుచున్నది. మన యిండ్లలోని వానిలో సాధారణముగా ఈ కాపరులు ఉండరు. ఎందుకుండరో ముందు చెప్పెదము.

దోషము వచ్చుదాక వేచియుండక, దానినే పిలిచి రప్పించు ఉపాయమును కనిపెట్టినవారు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని విర్ల్‌విండ్ యంత్రమువారు. జే ఫారెస్టర్ వారికి నాయకుడు. 1951లో పనికి వచ్చిన ఈ యంత్రమునకు రాడారు చూపు విమానముల జాడలను వెంటవెంటనే లెక్కగట్టు పని పడెను. గగనమున విమానము ఎగురుచుండగా, "క్షణమాగుము, వాల్వు పోయినది" యనుటకు వీలులేదు. మొదట వారు వాల్వులనే కోసి చూచిరి. వేడెక్కి ఎలక్ట్రానులను వెలువరించు లోపలి గొట్టము నికెల్ లోహముతో చేసినది. తయారీ సౌలభ్యమునకై అందు కొంచెము సిలికాన్ కలుపుచుండిరి. వాల్వు వేడిగనుండియు కరెంటు ప్రవహింపక ఊరకున్నంతసేపు, ఆ సిలికాను మూలమున లోన అడ్డుపొర ఒకటి పేరుకొనుచుండెను. రేడియోలో వాల్వు ఎల్లప్పుడును పాడుచునే యుండును గనుక ఈ జబ్బు అచ్చట బయటపడలేదు. కంప్యూటరులో వాల్వు తన వంతు వచ్చువరకు మేలుకొని ఊరక కూర్చుండవలెను. ఊరక కూర్చుండుటయే దానిని చెరచెను. ఈ సంగతి మాకు ఎంతయో వింతగ తోచినది. సిలికాన్ లేని గొట్టములతో చేయించిన పిమ్మట వాల్వుల ఆయువు ఎన్నోరెట్లు పెరిగెను.

అంతతో వారు ఊరకుండలేదు. ప్రతిదినము కొంతసేపు, యంత్రమునకు పరీక్షా లెక్కలనిచ్చి, అది చేయుచుండగా ఒక్కొక్క భాగమునకు వచ్చు వోల్టేజిని కావలెనని పెంచి తగ్గించి చూచిరి. బలముగల వాల్వు ఈ బాధకు ఓర్చుకొనును. రేపో ఎల్లుండియో చెడనున్న వాల్వు అప్పుడే తడబడును. తడబడినదానిని వెంటనే మార్చివేయుదురు. అనగా, చెడని యంత్రమునే కొంచెము కష్టపెట్టి, రానున్న దోషమును ముందుగనే ఒప్పించుకొనుట. విర్ల్‌విండులో మిగిలిన పెద్ద తలనొప్పి మెమరీ గొట్టములు. వాని స్థానమున 1953లో సన్నని అయస్కాంతపు ఉంగరములతో అల్లిన మెమరీ చేర్చగా ఆ బాధయు చాలవరకు తీరెను. మన దేశమున బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు నిర్మించి 1960లో నడిపించిన టిఫ్రాక్ యంత్రము ఈ ఉంగరముల మెమరీతోనే పనిచేసెను.

పిమ్మట వాల్వులు పోయెను, ఉంగరములును పోయెను. వ్రేలిగోటియంత చిప్పులు వచ్చెను. వేడికి మాడు తీగ లేదు, చిమ్మట దూరు సందు లేదు. ఇక దోషమెచ్చట అనుకొనునంతలో, 1970ల తుదిభాగమున ఇంటెల్ సంస్థవారి మెమరీ చిప్పులలో ఒక విచిత్రము కనబడెను. వ్రాసిన ఒకటి సున్నయగుచుండెను. మరల వ్రాసినచో సరిగనే నిలుచును. అదే గడి రెండవసారి తప్పదు. చిప్పును ఎంత పరీక్షించినను లోపము లేదు. ఆ సంస్థలోని తిమోతీ మే, ముర్రే వుడ్స్ అను ఇద్దరు 1978లో దీని మూలమును బయటపెట్టిరి. తప్పు చిప్పుది కాదు, దాని పైతొడుగుది. చిప్పును కప్పిన పింగాణివంటి తొడుగులో యురేనియము, థోరియము లేశమాత్రముగ నుండెను. అందుండి అప్పుడప్పుడు ఒక ఆల్ఫా కణము వెలువడి చిప్పులోనికి చొచ్చి, తన దారిలో పదిలక్షల ఎలక్ట్రానులను లేపును. ఒక అంకెను నిలుపుకొను గడిలో ఉండునదియు ఇంచుమించు అన్ని ఎలక్ట్రానులే. అంకె తారుమారగుటలో ఆశ్చర్యమేమున్నది? ఆ తొడుగులు చేయు కర్మాగారము, పశ్చిమ అమెరికాలోని గ్రీన్ నది ఒడ్డున, ఒక పాత యురేనియము గనికి దిగువన ఉండెననియు, నదినీరే ఆ మలినమును మోసికొనివచ్చెననియు తరువాత వ్రాసిరి. శుద్ధమైన పదార్థములు వాడిన పిమ్మట ఈ బాధ చాలవరకు తగ్గెను.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. వారి చిన్న కంప్యూటరు ఈ భయమును ఎరిగియే పుట్టినది. ఎనిమిది అంకెలకు ఒక కాపలా అంకె చొప్పున దానిలో తొమ్మిదవ చిప్పు ఉండెను. తేడా కనబడగానే యంత్రము, మెమరీలో తప్పు వచ్చినదని తెరమీద చెప్పి ఆగిపోయెడిది. ఆగుట అందరికిని చీకాకే. కాని ఎందుకాగినదో చెప్పి ఆగెడిది. 1990లలో ధరల పోటీ ముమ్మరమై, తొమ్మిదింట ఒకటి మిగులుననుకొని ఇంటి కంప్యూటర్ల తయారీదారులు ఆ కాపరిని తీసివేసిరి. చిప్పులు మెరుగుపడినవి గనుక అక్కరలేదనిరి. అది పొదుపు కాదు, లోభమని మా అభిప్రాయము. ఇప్పుడు అంకె తారుమారైనచో యంత్రమునకే తెలియదు. ఎప్పుడో, ఎచ్చటనో, సంబంధములేని పనిలో కూలబడును. అందుకే ఆటలమీదను వైరసులమీదను నింద పడుచున్నది.

2011లో మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు సుమారు పదిలక్షల ఇంటి కంప్యూటర్ల ఆగుడులను పరిశీలించి ప్రకటించిన వ్యాసము మాకు కన్నులు తెరపించినది. యంత్రభాగముల లోపముచేత ఒకసారి ఆగిన కంప్యూటరు మరల ఆగు అవకాశము, ఎన్నడును ఆగనిదానికన్న కొన్ని సందర్భములలో నూరురెట్ల వరకు ఎక్కువ. మెమరీ దోషము మరల వచ్చినప్పుడు తరచుగా అదే గడిలో వచ్చుచుండెను. అప్పుడప్పుడు వెలువడు ఆల్ఫా కణమైనచో ఒకేచోట పదేపదే తగులదు. కనుక మాటిమాటికి ఆగు యంత్రములో ఏదో ఒకచోట నిలుకడయైన దోషమున్నదనియే తలచవలెను.

ఇంత తెలిసిన పిమ్మట మేము యంత్రమును బాగుచేయు ప్రయత్నము మానితిమి. దానిని ఆగునట్లు చేయ మొదలిడితిమి. ముందుగ ఒక కాగితముమీద, ఎప్పుడెప్పుడు ఆగెనో గంటలతో సహా వ్రాసితిమి. పదునొకండింట తొమ్మిది మధ్యాహ్నము రెండుగంటలకును ఐదుగంటలకును నడుమనే. మేడమీది గది మే నెలలో ఎట్లుండునో బెజవాడవారికి చెప్పనక్కరలేదు. నేటి మెమరీ గడులు ఓటికుండలవంటివి. వానిలోని విద్యుత్తు కారిపోవుచుండును గనుక, సెకనులో పలుమారులు మరల నింపుచుండవలెను. వేడి హెచ్చినకొలది కారుట హెచ్చును. బలహీనమైన గడి చల్లనిగదిలో నెగ్గును, ఎండవేళ నెగ్గలేదు. విర్ల్‌విండువారు వోల్టేజితో చేసిన పనిని మా యింట ఎండ చేయుచుండెనన్నమాట.

మెమరీని మాత్రమే పరీక్షించు ప్రోగ్రామొకటి తెచ్చి, ఒక చిన్న పెన్‌డ్రైవునుండి యంత్రమును మేలుకొలిపి, మధ్యాహ్నమున, కిటికీలు మూసి, నడిపించితిమి. అది ప్రతిగడిలోను ఒకట్లు వ్రాసి చదువును, సున్నలు వ్రాసి చదువును, వరుసలు మార్చి మరల వ్రాయును. గంటన్నర గడచునప్పటికి ఎఱ్ఱని గీత వచ్చెను. పిమ్మట మూడు. అన్నింటను గడి సంఖ్య ఒక్కటే. లోపలనున్న రెండు ర్యామ్ ముక్కలలో ఒకటి తీసి మరల నడుపగా గీత లేదు. దానిని పెట్టి రెండవది తీయగా గీత వచ్చెను. తావు మార్చి పెట్టినను గీత ఆ ముక్క వెంటనే పోయెను.

ఎఱ్ఱగీతల చిత్రమును, వేళలు వ్రాసిన కాగితమును, ఆ ముక్కను తీసికొని దుకాణమునకు పోతిమి. యంత్రమును ఈసారి మోయలేదు. దుకాణదారు కాగితమును రెండుసార్లు చదివి, మారు మాటాడక, కుఱ్ఱవానిని పిలిచి క్రొత్త ముక్క తెప్పించి ఇచ్చెను. దానిని అమర్చి, ఆ పరీక్షనే రెండు మధ్యాహ్నములు కిటికీలు మూసి నడిపితిమి. గీత రాలేదు. అబ్బాయిమీది కట్టడిని ఆ సాయంత్రమే ఎత్తివేసితిమి.