కళా వెంకటరావు - ఎస్టేటుల రద్దు శాసనము

శాసనసభ్యుని సేవను గణించునపుడు ప్రజలు సాధారణముగా వంతెనలను, బడులను, బాటలను లెక్కింతురు. శాసనము కంటికి గోచరింపదు. అది రైతు పట్టాలో, గ్రామపు అడంగలులో మాత్రమే నిలుచును. కావున శాసననిర్మాణమే ముఖ్యకృషియైన నాయకుని చరిత్రను ఆ శాసనము మూలముననే పరిశీలింపవలెను. కోనసీమలో జనించిన కళా వెంకటరావు అట్టి నాయకుడు. ఆయన శాసనము దేనిని సాధించెను, దేనిని విడిచెను అనునదే యీ వ్యాసమునకు విషయము.

ఆయన 1900 జూలై 7వ తేదీన అమలాపురము తాలూకా ముక్కామలలో జన్మించెను. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, 1947లో ఓమందూరు రామస్వామి రెడ్డియారు మంత్రివర్గమున మద్రాసు రాష్ట్ర రెవిన్యూమంత్రి యయ్యెను. రాజ్యాంగసభలో సభ్యుడై, అఖిల భారత కాంగ్రెసునకు ప్రధాన కార్యదర్శిగా పనిచేసెను. 1956లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ తొలి మంత్రివర్గమున నుండి, 1959 మార్చి 28వ తేదీన కీర్తిశేషు డయ్యెను.

జమీందారీ సమస్యకు మూలము 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయము. జమీందారు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పేష్కసు స్థిరపడెను గాని, రైతు జమీందారునకు చెల్లించు శిస్తు స్థిరపడలేదు. 1908 నాటి ఎస్టేటుల భూశాసనము రైతునకు సాగుహక్కు నిచ్చెను, జమీందారును తొలగింపలేదు. ప్రకాశం పంతులు అధ్యక్షతను వెలువడిన 1938 నాటి నివేదిక, భూమికి రైతే యజమాని యని నిర్ణయించెను. కాని 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే అది శాసనరూపము దాల్చలేదు.

వెంకటరావు రెవిన్యూమంత్రిగా నున్న కాలముననే యీ కార్యము నెరవేరెను. ముందు 1947 నాటి శాసనముచే ఎస్టేటులలోని శిస్తులు తగ్గింపబడెను. పిదప 1948 నాటి 26వ శాసనము ఎస్టేటులనే రద్దుచేసి, జిరాయితీ భూములకు రైతువారీ పట్టాల నొసగెను. జమీందారుల సొంతసాగులోని కమతములకు వేఱు నిబంధన లేర్పడెను. నష్టపరిహారము నిర్ణీత వార్షికాదాయమునుబట్టి చిన్న ఎస్టేటులకు 30 రెట్లు, మిక్కిలి పెద్దవానికి 12½ రెట్లు. పెద్దవానికి తక్కువ రెట్లు విధించుట గమనింపదగిన విశేషము.

ఐనను ఈ శాసనము పట్టాదారుని చెంత నాగిపోయెను. రైతుక్రింద కౌలుకు దున్నువాని ప్రస్తావన దానికి ముఖ్యము కాలేదు. 1956 నాటి ఆంధ్ర కౌలు శాసనము ఆ లోపమును తీర్పబూనెను గాని, కౌలు ఒడంబడికలు పెక్కు నోటిమాటపైననే నడచుటచే దాని ఫలము కొద్దియే యయ్యెను.

ఈ భేదము కోనసీమకు నేటికిని విడని చిక్కు. అమలాపురమునకు దక్షిణమున, సముద్రము నానుకొని యున్న ఉప్పలగుప్తము ప్రాంతము మధ్యడెల్టా కాలువల చివర నున్నది. మురుగుకాలువలు పూడి, వరిసాగు గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిరి. పట్టాదారు సాగు విరమించిన నాతనికి భూమి మిగులును. కౌలుదారునకు ఆ యేటి జీవనమే పోవును. ఆ సంవత్సరముననే కౌలుదారులకు ఋణార్హత కార్డుల నొసగు శాసనము వచ్చెను. 2019 నాటి శాసనము భూయజమాని సంతకముతో కూడిన పదునొకండు నెలల ఒప్పందమును ఆధారముగా గొనెను. దున్నువాని హక్కు మరల యజమాని యంగీకారముపై నిలిచెను.

వెంకటరావు కృషి చిన్నది కాదు. నూటయేబదియేండ్ల వ్యవస్థను అది తొలగించెను. కాని దాని పరిమితిని చెప్పక చేసిన ప్రశంస చరిత్ర కానేరదు. పరిశోధకులు ఆనాటి శాసనసభా చర్చలను గ్రామపు అడంగళ్లతో సరిచూచి, పట్టా పొందినవా డెవ్వడు, పొందక మిగిలినవా డెవ్వడు అని తేల్చవలసి యున్నది.