తాటి బూరెలు: ఋతువు గీసిన హద్దు

నూజివీడులో మామిడి కాలం ముగిశాక, శ్రావణ భాద్రపదాలలో తాటిపండ్లు రాలుతాయి. పీచునుండి గుజ్జు పిండి, బెల్లమూ బియ్యపు రవ్వా కలిపి నూనెలో వేయించే తాటి బూరెలు మన పూర్వుల పిండివంట. తాళపత్రాలై గ్రంథాలను మోసిన చెట్టే ఈ రుచినీ ఇచ్చింది.

ఆపిల్ కథ వేరు. అమెరికా రకాలను 1916లో శామ్యూల్ స్టోక్స్ సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో నాటించాడు. నేడు శీతల గిడ్డంగుల పుణ్యమా అని ఆ పండు ఏడాదంతా దొరుకుతుంది. ఆపిల్ బజ్జీలకు ఋతువే లేదు.

పాఠకులారా, తాటి బూరెలు పథ్యమని నేననను. బెల్లమూ చక్కెర వంటిదే. అయితే పండు రాలే కొద్ది వారాలే వాటికి హద్దు. ఆ హద్దు చెరిగిన ఈ కాలంలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, దానిని తామే గీసుకోవాలి. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి.